మన 131వ ర్యాంకు ఎక్కడ తయారవుతుంది?

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పరకాల నుంచి వచ్చి హనుమకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నానన్నావు. స్త్రీ పురుష సమానత్వం మీద ప్రపంచ ఆర్థిక వేదిక 2025లో ఇచ్చిన జాబితాలో 148 దేశాలకు మనది 131, బంగ్లాదేశ్‌ది 24 అని చూసి నీకు కోపం వచ్చింది. "రుద్రమదేవి ఏలిన నేల మనది, సమ్మక్క సారలమ్మలకు కోటి మంది మొక్కే నేల మనది, మా ఇంట్లో అమ్మ మాటే చెల్లుతుంది. ఈ ర్యాంకులు బయటివాళ్లు మనల్ని తక్కువ చేయడానికి రాసుకున్నవి కావా? వీటిని పరీక్షలో రాయొచ్చా?" అని అడిగావు.

నేను ఇరవై ఏడేళ్లు పాత వరంగల్, పాత కరీంనగర్ జిల్లాల్లో ఇంటింటి సర్వేలు చేశాను. రిటైరయ్యాక కూడా ఆ రిపోర్టులు చదవడం మానలేదు. ఈ ర్యాంకుల అడుగున ఉండే అంకెల్లో కొన్ని నాలాంటివాళ్లు ఎవరి అరుగు మీదో కూర్చుని రాసుకొచ్చినవే. వాటి బలహీనత నాకు తెలుసు. నీ అనుమానం సగం న్యాయమే. కానీ నువ్వు అనుమానిస్తున్న దిక్కు వేరు, తప్పు దొర్లుతున్న దిక్కు వేరు.

ముందు ర్యాంకు సంగతి చూద్దాం. ఈ జాబితా 2006లో మొదలైంది. అప్పుడు 115 దేశాలకు మనది 98. 2020లో 153కు 112. మరుసటి ఏడాది 156కు 140. ఒక్క ఏడాదిలో దేశంలోని ఆడవాళ్ల బతుకు 28 మెట్లు కిందికి జారుతుందా? జారదు. ఆ ఏడాది మన మార్కులను బాగా లాగింది కేంద్ర మంత్రివర్గం. మంత్రుల్లో ఆడవాళ్ల వాటా 2019లో 23.1 శాతం ఉండేది, 2021 నాటికి 9.1 శాతానికి పడిపోయింది. బంగ్లాదేశ్ కథ ఇంకా విడ్డూరం. 2024లో 99వ స్థానం, 2025లో 24. అక్కడి అమ్మాయిల బతుకు పన్నెండు నెలల్లో అంత మారిందంటే నేను ఒప్పుకోను. మనం 2024లో 129, 2025లో 131. మార్కులు చూస్తే రెండేళ్లూ నూటికి 64 చిల్లర, నిజానికి పిసరంత పెరిగాయి. తరగతిలో ఇద్దరు కొత్త పిల్లలు చేరితే, పక్కవాడికి రెండు మార్కులు ఎక్కువొస్తే, నీ ర్యాంకు మారుతుంది. నీ చదువు మారదు. అందుకే ర్యాంకును పట్టుకుని సంబరపడేవాళ్లతోనూ, ఏడ్చేవాళ్లతోనూ నాకు పేచీ.

ఆ 64 ఎట్లా వచ్చిందో విప్పి చూస్తే పని మొదలవుతుంది. నాలుగు భాగాలుంటాయి. చదువులో మనకు నూటికి 97 పైనే. ఆరోగ్యంలో 95. ఆర్థిక అవకాశాల్లో 40.7. రాజకీయంలో 24.5. అంటే మన ఆడపిల్లలు బడికి పోతున్నారు, కాలేజీకి పోతున్నారు, ఆ తర్వాత కనబడకుండా పోతున్నారు. ఇది తెల్లోళ్లు చెప్పాల్సిన మాట కాదు, నీ డిగ్రీ క్లాసులో ఉన్న అమ్మాయిలు ఇప్పుడు ఎక్కడున్నారో లెక్కేసుకుంటే నీకే తెలుస్తుంది.

ఇంకో మాట గుర్తుపెట్టుకో. ఈ సూచీ కొలిచేది మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్య ఉన్న తేడాను మాత్రమే. ఇద్దరూ ఎంత మంచిగా బతుకుతున్నారో కొలవదు. ఇద్దరూ పేదరికంలోనే ఉన్నా సమానంగా ఉంటే పూర్తి మార్కులు పడతాయి. రువాండాకు 2022లో ఆరో ర్యాంకు వచ్చింది అందుకే. 1994 మారణకాండ తర్వాత అక్కడ ఆడవాళ్లు పొలంలోకీ పాలనలోకీ రాక తప్పలేదు. 2024 ఎన్నికల తర్వాత దిగువ సభలోని 80 సీట్లలో 51 ఆడవాళ్లవే. అది గొప్పే. అయితే అక్కడి రైతు కూలీ బతుకు మన ములుగు కూలీ బతుకు కన్నా సుఖమని ఆ ఆరు చెప్పడం లేదు.

కొలబద్ద మారితే బొమ్మే మారిపోతుంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2010 నుంచి వేరే సూచీ ఇస్తున్నది. అందులో ప్రసవంలో తల్లుల మరణాలు, టీనేజీ కాన్పులు, పార్లమెంటు సీట్లు, హైస్కూలు చదువు, పనిలో వాటా చూస్తారు. జపాన్ ఈ సూచీలో ఇరవై చిల్లర ర్యాంకులో ఉంటుంది, ఆర్థిక వేదిక జాబితాలో మాత్రం 118. అక్కడ కాన్పులో తల్లులు చనిపోవడం చాలా తక్కువ, అది ఐక్యరాజ్యసమితి కొలబద్దకు నచ్చింది. మంత్రుల్లో, మేనేజర్లలో ఎక్కువమంది మగవాళ్లే, అది ఆర్థిక వేదిక కొలబద్దకు నచ్చలేదు. రెండూ నిజాలే. మనం ఐక్యరాజ్యసమితి సూచీలో 172కు 102, ఆర్థిక వేదిక జాబితాలో 148కి 131.

అంకె కోసం ఆట ఆడేవాళ్లూ ఉన్నారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 40 మంది ఉండే జాతీయ మండలిలో సగం ఆడవాళ్లు ఉండాలని పైనుంచి ఆదేశం వచ్చింది, 2019 నుంచి అమలైంది. ఆ మండలి సలహా ఇస్తుంది, చట్టం చేసే అధికారం దానిది కాదు. అయినా ఐక్యరాజ్యసమితి సూచీలో 2022 లెక్కలకు వాళ్లకు ఏడో స్థానం దక్కింది. ఇది చదివి నవ్వేముందు మన ఊళ్లు చూడు. పంచాయతీ సీట్లలో ఆడవాళ్లకు 73వ రాజ్యాంగ సవరణ మూడో వంతు ఇచ్చింది, తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సగం ఇచ్చింది. నేను సర్వేకు పోయిన ప్రతి ఊళ్లో ముందు సర్పంచ్‌ను కలవాలి. "సర్పంచ్ ఉన్నరా?" అంటే భర్త బయటికి వచ్చేవాడు. లెటర్ మీద స్టాంపు ఆయనే గుద్దేవాడు. సంతకం కోసం లోపలికి తీసుకుపోతే, ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి చెయ్యి తుడుచుకుని సంతకం చేసేది. అయితే అదే ఊరికి నాలుగేళ్ల తర్వాత పోతే కొన్నిచోట్ల ఆమే కుర్చీలో కూర్చుని "ఏం సర్వే ఇది, మా ఊరికేం వస్తది?" అని నన్ను నిలదీసింది. కుర్చీ ముందు వచ్చింది, గొంతు తర్వాత వచ్చింది. కాగితం మీది సీటుకు విలువ లేదని అందుకే నేను అనను. మన గ్రామ పంచాయతీల్లోని ఈ ఆడవాళ్లెవరూ ఆ 24.5 మార్కుల్లో లేరన్నది వేరే అన్యాయం. ఆ సూచీ పార్లమెంటునూ మంత్రులనూ గత 50 ఏళ్లలో దేశాన్ని నడిపిన అధినేతలనూ మాత్రమే లెక్కిస్తుంది. ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న తొలి ఏళ్లు ఇప్పటికే ఆ యాభై ఏళ్ల కిటికీ దాటిపోయాయి. ఇక మనం చూపించుకోవాల్సింది ఇప్పటి మనుషులనే. 2024లో లోక్‌సభకు గెలిచింది 543లో 74 మంది. మన రాష్ట్రం సంగతి తీసుకుంటే 2014 జూన్‌లో ఏర్పడిన తెలంగాణకు 2019 సెప్టెంబరు దాకా ఒక్క మహిళా మంత్రి లేదు. ఆ నెల ప్రమాణం చేసిన ఇద్దరు ఆడవాళ్లలో ఒకరు మన మహబూబాబాద్ దిక్కు సత్యవతి రాథోడ్. రాష్ట్రం తెచ్చుకోవడానికి రోడ్ల మీద బతుకమ్మలు ఆడింది ఎవరు, అయిదేళ్లు మంత్రివర్గంలో లేనిది ఎవరు? ఈ ప్రశ్న అడగడానికి నాకు ఏ విదేశీ రిపోర్టూ అక్కర్లేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్నది. ఆర్థికంలో 40.7 అన్నామే, అది ఎక్కడ తయారవుతుందో చెప్తాను.

జాతీయ నమూనా సర్వేల్లో ఇంట్లో ఒక్కొక్కరి పేరు పక్కన వాళ్లేం చేస్తారో ఒక కోడు రాస్తాం. సొంత పని చేసుకునేవాళ్లకు 11. ఇంటి వ్యవసాయంలోనో దుకాణంలోనో జీతం లేకుండా సాయం చేసేవాళ్లకు 21. రోజు కూలీకి 51. ఇంటి పని మాత్రమే చేసేవాళ్లకు 92. ఇంటి పనితో పాటు కట్టెలు, కూరాకు, పశువుల మేత తెచ్చుకునేవాళ్లకు, ఇంటి కోసం కుట్టుపని చేసేవాళ్లకు 93. 92, 93 అని రాస్తే ఆ మనిషి దేశం లెక్కలో పని చేయనట్టే. 21 అని రాస్తే పని చేసినట్టు. మధ్యలో ఉన్నది నా పెన్ను, నా ఓపిక, ఆ ఇంట్లో జవాబు చెప్పే మనిషి.

నేను కొత్తగా చేరిన రోజుల్లో మెట్‌పల్లి దిక్కు ఒక ఊరికి పోయాను. ఇంటి పెద్ద మంచం మీద కూర్చున్నాడు. కోడలు ఏం చేస్తుందని అడిగాను. "ఏం చేస్తది, ఖాళీగనే ఉంటది" అన్నాడు. ఆ కోడలు మూడడుగుల దూరంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. వేళ్లు ఒక్క క్షణం ఆగలేదు. నేను ఆమెను చూస్తూనే 92 రాశాను. నాకు చెప్పింది అదే, నేను రాసింది అదే. సాయంత్రం మా పెద్దసారు ఫారాలు తిరగేస్తూ "ఈ ఊళ్లో బీడీలు చుట్టని ఇల్లు ఉందా అమ్మా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. మరునాడు మళ్లీ పోయి ఆమెనే అడిగితే రోజుకు ఏడెనిమిది వందల బీడీలు చుడతానని చెప్పింది. ఆమె సంపాదనతోనే ఇద్దరు పిల్లల ఫీజులు నడుస్తున్నాయి.

చాలా ఏళ్లకు అదే ప్రాంతంలో బీడీ కార్మికుల పింఛన్ కోసం జనం పీఎఫ్ కాగితాలు పట్టుకుని తిరుగుతుంటే చూశాను. అప్పుడు ఏ మామా "ఖాళీగనే ఉంటది" అనలేదు. "మా కోడలు ముప్పయ్యేండ్ల సంది బీడీలు చేస్తది సారూ" అన్నాడు ఒకాయన నా ముందే. పింఛన్ పుస్తకంలో కార్మికురాలు, సర్వే ఫారంలో ఖాళీ. మనిషి ఒక్కతే.

వ్యవసాయం ఇంకా చిక్కు. నర్సంపేట దిక్కు పత్తి ఏరేది ఎవరు, మిరపకాయ ఏరేది ఎవరు, కలుపు తీసేది ఎవరు? "మీరేం పని చేస్తరమ్మా?" అని ఆమెనే అడిగినా "మా ఆయన ఎవుసం చేస్తడు, నేను ఇంట్లనే" అంటుంది. పట్టా ఆయన పేరు మీద ఉంది కాబట్టి రైతు ఆయన. అందుకే నేను ప్రశ్న మార్చుకున్నాను. "నిన్న పొద్దున లేచిన సంది పండుకునే దాకా ఏమేం చేసినవ్ చెప్పు" అనేదాన్ని. అప్పుడు బయటపడేది. దేశమంతటా ఇట్లా ఒక రోజును అరగంట అరగంటగా విడదీసి, తెల్లవారుజాము నాలుగింటి నుంచి మరునాడు నాలుగింటి దాకా అడిగే సర్వే ఒకటుంది. 2024లో చేసినదాంట్లో, జీతం రాని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. ఈ 289 నిమిషాలకు నేను పైన చెప్పిన రెండు సూచీల్లోనూ గడి లేదు.

ఇంకో వైపు కూడా చూడాలి. 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పనిలో ఉన్నవాళ్లూ పని వెతుక్కుంటున్నవాళ్లూ కలిపి 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. పెరిగినందుకు ప్రభుత్వం సంతోషపడింది. ఆ పెరుగుదలలో పెద్ద వాటా పల్లెల్లో సొంత పనీ, ఆ జీతం లేని 21 కోడూ. అంటే కొందరికి కొత్తగా పని దొరికింది, కొందరు ఇల్లు గడవక పొలానికి పోయారు, ఇంకొందరు ఎప్పుడూ చేస్తున్న పనే ఇప్పుడు ఫారంలోకి ఎక్కింది. మూడూ ఉన్నాయని నా అంచనా. పరీక్షలో 41.7 అని రాసి వదిలేయకు, పక్కన ఇది కూడా రాయి.

ఆర్థిక వేదిక మార్కుల్లో ఒకటి నాకు అసలు మింగుడు పడదు. ఒకే పనికి సమాన జీతం వస్తున్నదా లేదా అన్నది వాళ్లు కంపెనీల పెద్దలను అడిగి, వాళ్ల అభిప్రాయం మీద వేస్తారు. మా ఊరి మిరప తోటలో మగ కూలీకి ఒక రేటు, ఆడ కూలీకి ఒక రేటు. ఆ సంగతి చెప్పాల్సింది ఎవరు? 2018లో "ఆడవాళ్లకు ప్రపంచంలోనే అత్యంత ప్రమాదకరమైన దేశం భారత్" అని పేపర్లన్నీ రాశాయి, గుర్తుందా? అది 548 మంది నిపుణుల అభిప్రాయం. ఎవరి గడపా తొక్కని లెక్క. అట్లాంటి దాన్ని నువ్వు పక్కన పడేస్తే నేను నీ పక్షమే.

హింస దగ్గరికి వస్తే అంకెలు చదవడం ఇంకా కష్టం. యూరప్‌లో 2014లో వచ్చిన పెద్ద సర్వేలో, పదిహేనేళ్ల వయసు నుంచి శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నామని చెప్పిన ఆడవాళ్లు డెన్మార్క్‌లో 52 శాతం, పోలండ్‌లో 19 శాతం. సమానత్వంలో ఎప్పుడూ ముందుండే డెన్మార్క్‌లో ఎక్కువా? అక్కడ నిజంగా ఎక్కువ జరగొచ్చు, లేదా చెప్పుకోవడానికి సిగ్గూ భయమూ తక్కువ కావచ్చు. ఒక్క సర్వేతో విడదీయలేం. మన దగ్గర 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త కొట్టాడని, హింసించాడని చెప్పినవాళ్లు తెలంగాణలో 36.9 శాతం. నాలుగు గోడల మధ్య, ఇంకెవరూ లేనప్పుడు మాత్రమే ఆ ప్రశ్నలు అడగాలి. మన ఇళ్లల్లో ఒంటరిగా పది నిమిషాలు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. చిన్న ఆడబిడ్డ తలుపు సందులోంచి చూస్తుంటుంది, అత్త మంచినీళ్లు ఇచ్చే వంకతో వస్తుంది. ఆ 36.9 అసలు కన్నా తక్కువే అయి ఉంటుందని నా నమ్మకం.

అదే సర్వేలో మన రాష్ట్రానికి దేశంలోనే మొదటి స్థానం వచ్చిన ప్రశ్న ఒకటుంది. భర్త భార్యను కొట్టడం సరైనదేనా అని అడిగితే 83.8 శాతం ఆడవాళ్లు ఏదో ఒక కారణానికి సరేనన్నారు. ఆ ప్రశ్నలో ఏడు కారణాలు చదివి వినిపిస్తారు: చెప్పకుండా బయటికి పోతే, పిల్లలను పట్టించుకోకపోతే, ఎదురు చెప్తే, కూర సరిగ్గా వండకపోతే, అత్తమామలను గౌరవించకపోతే, ఇట్లా. ఏడింట్లో ఒక్కదానికి ఔనన్నా ఆ 83.8లో పడుతుంది. అందుకని ఆ అంకె ఉబ్బి ఉంటుంది. అది నేను ఒప్పుకుంటాను. అయినా ప్రతి రాష్ట్రంలోనూ అవే ఏడు కారణాలు అడిగారు కదా, మనమే ఎందుకు పైనున్నాం? ఇట్లాంటి మాట వచ్చినప్పుడు చాలామంది "తప్పు చేస్తే కొట్టరా మరి?" అని నన్నే తిరిగి అడిగేవారు. ఆ మాట వాళ్లకు చిన్నప్పటి నుంచి నేర్పింది ఎవరో మనకు తెలియనిది కాదు.

అంకె మంచిగా ఉన్నా మురిసిపోకూడదనడానికి కూడా మన రాష్ట్రమే ఉదాహరణ. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2018-20లో దేశంలో 97 ఉంటే తెలంగాణలో 43. ప్రాణాలు నిలిచాయి, దీనికి ఆశా కార్యకర్తలకూ 108 బండ్లకూ ఎంత దండం పెట్టినా తక్కువే. అయితే ఆ రోజుల్లోనే మన కాన్పుల్లో 60.7 శాతం కడుపు కోసి తీసినవి, దేశంలోనే ఎక్కువ. ఇంకొన్నేళ్లకు గర్భసంచి తీయించుకున్న ముప్పై అయిదేళ్ల ఆడవాళ్లు నాకు ప్రతి ఊళ్లో కనబడ్డారు. ఏ సూచీలోనూ దీనికి గడి లేదు. ఆరోగ్యంలో 95 మార్కులు అన్నప్పుడల్లా నాకు ఆ నడుం పట్టుకుని లేచే మనుషులే గుర్తొస్తారు.

మొదటి ర్యాంకు ఐస్‌లాండ్ గురించి కూడా అడిగావు. మొత్తం దేశం జనాభా నాలుగు లక్షల లోపు, మన వరంగల్ నగరమే అంతకు రెట్టింపు. ఆ పోలికలో పస లేదన్న నీ మాట నిజమే. కానీ వాళ్ల ఆడవాళ్లు ఏం చేశారో చూడు. 1975 అక్టోబర్ 24న దాదాపు 90 శాతం మంది ఇంటి పనీ బయటి పనీ ఆపేశారు. 2025 దాకా పదహారేళ్లు వరసగా ఆర్థిక వేదిక జాబితాలో వాళ్లే మొదలు. అయినా 2023లో అదే తేదీన మళ్లీ పని ఆపారు, ప్రధానమంత్రి కత్రిన్ యాకబ్స్‌దొత్తిర్ కూడా ఆ రోజు పనికి పోలేదు. మొదటి ర్యాంకు వచ్చిందని వాళ్లు ఊరుకోలేదు. మనం 131 వచ్చిందని లెక్క రాసినవాణ్ని తిడుతున్నాం.

రుద్రమదేవి పేరు తెచ్చావు. ఓరుగల్లులో పుట్టి పెరిగినదాన్ని, ఆమె పేరు వింటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ గణపతిదేవుడు ఆమెను కొడుకుగా ప్రకటించి రుద్రదేవుడని పేరు పెట్టాల్సి వచ్చింది. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. పదమూడో శతాబ్దంలో గద్దె ఎక్కడానికి ఒక ఆడమనిషికి మగ పేరు కావాల్సి వచ్చిందన్న సంగతి ఆమె గొప్పను ఇంకా పెంచుతుంది. మన గొప్పను మాత్రం పెంచదు.

పరీక్షకు రాసేటప్పుడు ర్యాంకు ఒక వాక్యంలో చెప్పి వదిలేయి. నాలుగు భాగాల మార్కులు రాయి, ఏది కొలుస్తున్నారో ఏది కొలవడం లేదో రాయి, రెండు సూచీలు ఎందుకు వేరుగా చెప్తున్నాయో జపాన్‌తో చూపించు. ఆస్తి హక్కు వస్తే చట్టం దగ్గరే ఆగకు. హిందూ కుటుంబాల్లో, మన దగ్గర పెళ్లికాని ఆడపిల్లలకు 1985 నుంచీ, దేశమంతటా 2005 నుంచీ తండ్రి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కుంది. చట్టాలను మాత్రమే చూసే జాబితాల్లో దీనికి మార్కులు పడతాయి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు "పసుపు కుంకుమ కింద ఇచ్చినం కదా" అని అన్న అంటే, హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టి, కళ్లు తుడుచుకుంటూ ఆటో ఎక్కే చెల్లెకు ఏ జాబితాలోనూ చోటు లేదు.

మీ ఇంట్లో అమ్మ మాటే చెల్లుతుందన్నావు. నేను కాదనను, నాకు ఆమె తెలియదు. ఈ ఆదివారం పరకాల పోయినప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని, తెల్లవారుజాము నాలుగింటి నుంచి అరగంటకో గీత గీసి, ఆమె పక్కన కూర్చుని నిన్నటి రోజు నింపు. నాన్నను పక్కన ఉండనియ్యకు. పొలం పట్టా ఎవరి పేరు మీద ఉందో, ఇంటి నంబరు ఎవరి పేరు మీద ఉందో కింద రాయి. ఆమె పేరు పక్కన 92 రాయాలనిపించిందో, 93 రాయాలనిపించిందో, 21 రాయాలనిపించిందో నాకు చెప్పు. ఆ కాగితం చూసి మిగతా లెక్క మాట్లాడుకుందాం.